గీత వదిలాక: సైకిల్ కంప్యూటర్ కొత్త దారిని ఎలా లెక్కగడుతుంది

సైకిలు హ్యాండిల్ మీద బిగించుకునే చిన్న తెర పరికరాన్ని సైకిల్ కంప్యూటర్ అంటారు. గార్మిన్ ఎడ్జ్, వాహూ ఎలిమెంట్, హామర్‌హెడ్ కారూ వంటివి ఇప్పుడు మన నగరాల్లోనూ కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఇవి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కబెట్టి వేగం, దూరం మాత్రమే చెప్పేవి. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో మనం ఉన్న చోటు కనిపెట్టి, ముందుగా గీసుకున్న దారి వెంట తీసుకెళ్తున్నాయి. ఆ దారిలో వెళ్తున్నంతసేపూ తెలుసుకోవాల్సింది పెద్దగా ఉండదు. తెర మీద రంగు గీత ఉంటుంది. మలుపు దగ్గరపడితే శబ్దం వస్తుంది. తిరిగితే చాలు.

చిక్కు గీత వదిలినప్పుడు మొదలవుతుంది. పరికరం అదేపనిగా కూస్తుంది. యూటర్న్ తీసుకోమంటుంది. కాసేపటికి ఎప్పుడూ వినని ఊరి బాట పట్టమంటుంది. మిగిలిన దూరం ఉన్నట్టుండి తగ్గిపోతుంది, లేదా పెరిగిపోతుంది. కొత్తగా కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే కంగారుపడి, పరికరం చెడిపోయిందనుకుంటారు. నిజానికి అది తనకు తెలిసిన లెక్కే చేస్తోంది. ఆ లెక్క ఏమిటో తెలిస్తే ఎప్పుడు దాని మాట వినాలో, ఎప్పుడు వినకూడదో మనకే అర్థమవుతుంది.

మనిషి గీతను ఎందుకు వదులుతాడు? మాటల్లో పడి మలుపు దాటిపోవచ్చు. టిఫిన్ కోసం ఊళ్లోకి తిరగొచ్చు. పంక్చరైతే షాపు వెతుక్కోవచ్చు. వాగు పొంగి రోడ్డు మూసేసి ఉండొచ్చు. మనకు ఇవి నాలుగు వేర్వేరు సంగతులు. మొదటిది పొరపాటు, రెండోది ఇష్టం, మూడోది అవసరం, నాలుగోది గత్యంతరం లేకపోవడం. నాలుగింటికీ పరిష్కారాలు కూడా వేరు. పరికరం మాత్రం వీటిని విడదీయలేదు. గీతకూ మనకూ మధ్య దూరం పెరుగుతోందన్నది ఒక్కటే దానికి తెలుస్తుంది. దారి వదిలాక తెర మీద కనిపించే అయోమయం చాలావరకు ఈ లోటు నుంచే పుడుతుంది.

హైదరాబాద్ సైక్లిస్టులకు బాగా అలవాటైన దారినే ఉదాహరణగా తీసుకుందాం. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ చేరి, అక్కడి నుంచి అనంతగిరి కొండ ఎక్కే దారి. నగరం నుంచి అనంతగిరికి సుమారు 80 కిలోమీటర్లు. ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఈ దారిని గీసుకుని పరికరంలోకి ఎక్కిస్తాం. అలా ఎక్కించిన దారిని కోర్సు (ముందే నిర్ణయించి పెట్టుకున్న దారి) అంటారు.

ఆ ఫైలులో ఏముంటుందో ముందు చూడాలి. ఎక్కువగా వాడేది 2002 నుంచి ఉన్న జీపీఎక్స్ (ఉపగ్రహ స్థానాలను ఒక పరికరం నుంచి మరోదానికి పంపుకునే ఫైలు పద్ధతి). దాన్ని తెరిచి చూస్తే బిందువుల వరుస ఉంటుంది. ప్రతి బిందువుకూ అక్షాంశం, రేఖాంశం, చాలాసార్లు సముద్రమట్టం నుంచి ఎత్తు. అంతే. ముగ్గు చుక్కలను కలిపినట్టు పరికరం ఆ బిందువులను వరుసగా కలిపి గీత చూపిస్తుంది. కేవలం దారి బిందువులే ఉన్న ఫైలుకు అది చేవెళ్ల రోడ్డని తెలియదు. అసలు రోడ్డని కూడా తెలియదు. చెరువు మీదుగా బిందువులు పెడితే చెరువు మీదుగానే గీత వస్తుంది.

రోడ్ల సమాచారం వేరేచోట ఉంటుంది. అది పరికరంలో నిలవ ఉన్న పటం. పైన చెప్పిన మూడు కంపెనీల సైకిల్ పటాలకూ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ప్రపంచమంతటా ఔత్సాహికులు గీస్తున్నారు, దిద్దుతున్నారు. అందులో ప్రతి రోడ్డుకూ కొన్ని గుర్తులు ఉంటాయి. జాతీయ రహదారా, ఊరి వీధా, పొలాల మధ్య బాటా? తారు వేశారా, మట్టిదా? సైకిలుకు అనుమతి ఉందా? ఈ గుర్తులు నిజంగా అక్కడికి వెళ్లి చూసినవాళ్లు పెట్టారా, ఉపగ్రహ చిత్రం చూసి దూరం నుంచి ఊహించి పెట్టారా అనే దాన్ని బట్టి పటం నాణ్యత మారుతుంది.

అంటే మన చేతిలో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి మనం గీసిన గీత. రెండోది పరికరంలోని పటం. గీతను ఒక పటం మీద గీసి, వేరే పటం ఉన్న పరికరంలో చూస్తే రెండూ కొన్ని మీటర్ల తేడాతో కనిపించడం మామూలే. పటమే లేని చవక పరికరాలు కూడా ఉన్నాయి. వాటి తెర మీద ఖాళీ నేపథ్యంలో గీత, మన బాణం గుర్తు మాత్రమే ఉంటాయి. గీత వదిలితే అవి కూయగలవు. కొత్త దారి చెప్పలేవు.

ఇక అసలు ప్రశ్న. మనం గీత వదిలామని పరికరం ఎలా నిర్ణయిస్తుంది?

అది దాదాపు ప్రతి సెకనుకూ ఉపగ్రహాల నుంచి మన స్థానం తీసుకుంటుంది. ఆకాశం బాగా కనిపించే చోట ఆ స్థానంలో 5 మీటర్ల దాకా పొరపాటు ఉండొచ్చు. ఆ స్థానం నుంచి గీతకు అతి దగ్గర దూరం ఎంతో కొలుస్తుంది. ఆ దూరం ఒక హద్దు దాటి, కొంతసేపు అలాగే ఉంటే దారి వదిలినట్టు లెక్క. హద్దు సాధారణంగా కొన్ని పదుల మీటర్లు ఉంటుంది. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. ఈ హద్దు పెట్టడం ఇంజినీర్లకు అంత తేలిక కాదు. మరీ తక్కువ పెడితే సరైన దారిలో ఉన్నా కూస్తుంది. మరీ ఎక్కువ పెడితే మలుపు దాటి చాలా దూరం వెళ్లాకగానీ చెప్పదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలు సెకనుకు 8 మీటర్లకు పైగా కదులుతుంది. పరికరం తేల్చుకోవడానికి పది సెకన్లు తీసుకుంటే మనం మలుపు నుంచి 80 మీటర్లు దాటిపోయి ఉంటాం. మలుపు తప్పిన మరుక్షణం పరికరం మౌనంగా ఉందంటే కారణం ఇదే.

చేవెళ్ల దారిలో ఇంకో సంగతి ఉంది. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండువైపులా పాత మర్రిచెట్లు గొడుగు పట్టినట్టు ఉంటాయి. దట్టమైన కొమ్మలు, తడి ఆకులు ఉపగ్రహ సంకేతాలను బలహీనపరుస్తాయి. స్థానం అటూ ఇటూ కదులుతుంది. రోడ్డు మీదే ఉన్నా పరికరం మనల్ని పక్క పొలంలో చూపించవచ్చు. ఎత్తయిన భవనాల మధ్య మరో రకం ఇబ్బంది వస్తుంది. సంకేతం నేరుగా రాకుండా గోడలకు తగిలి తిరిగి వస్తుంది. దాంతో దూరం ఎక్కువగా లెక్కకొస్తుంది. కొత్త ఖరీదైన మోడళ్లు రెండు వేర్వేరు పౌనఃపున్యాల మీద సంకేతాలు అందుకుని ఈ పొరపాటును బాగా తగ్గిస్తున్నాయి. పూర్తిగా పోగొట్టలేవు.

దీనికి తలకిందుల సమస్య కూడా ఉంది. నిజంగా తప్పు రోడ్డు మీద ఉన్నా పరికరానికి తెలియకపోవడం. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. పైన కార్లు వెళ్తాయి. ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. సైకిలు కింద, పిల్లర్ల పక్కన వెళ్లాలి. పటం మీద చూస్తే రెండు రోడ్లూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. అక్షాంశం, రేఖాంశం రెండింటికీ దాదాపు ఒకటే. పైన ఉన్నామో కింద ఉన్నామో ఈ లెక్కతో తేలదు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరా అంతే. ప్రధాన రహదారి మీద సైకిలుకు అనుమతి లేదు, పక్కనున్న సర్వీస్ రోడ్డు మీదే వెళ్లాలి. రెండూ సమాంతరంగా, హద్దుకు లోపలే ఉంటే పరికరం ఏమీ అనదు. ఇలాంటి చోట తెర నిశ్శబ్దంగా ఉందని ధీమాగా ఉండకూడదు. బోర్డు చూసుకోవాలి.

కొండ ఎక్కేచోట ఇంకో చిన్న విషయం. పాత పరికరాలు ఒక ఫైలులో కొన్ని వందల బిందువులే తీసుకునేవి. అందుకని గీసే సాఫ్ట్‌వేర్ బిందువులు తగ్గించేది. తిన్నని రోడ్డు మీద నష్టం లేదు. ఘాట్ మలుపుల దగ్గర మాత్రం గీత వంపులను వదిలేసి అడ్డంగా కోసుకుపోయేది. మనం రోడ్డు వంపు వెంట వెళ్తుంటే గీతకు దూరమైనట్టు లెక్క. ఇప్పటికీ ఫైలు సైజు తగ్గించి పంపుకునేవారికి ఇది ఎదురవుతుంది. అలాంటి కూతను పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు నిజంగానే గీత వదిలాం, పరికరం గుర్తించింది అనుకుందాం. తర్వాత అది చేసే పనిని రీరూటింగ్ (ఉన్న చోటు నుంచి కొత్త దారి లెక్కగట్టడం) అంటారు. చాలా సైకిల్ పరికరాలకు ఈ శక్తి ఆలస్యంగానే వచ్చింది. 2017లో వచ్చిన మొదటి వాహూ ఎలిమెంట్ బోల్ట్ తనంతట తాను కొత్త దారి లెక్కగట్టలేకపోయేది. 2019లో వచ్చిన ఎలిమెంట్ రోమ్ అది చేయగలిగింది. చిన్న చిప్‌ల శక్తి పెరిగేకొద్దీ ఇది తక్కువ ధర పరికరాల్లోకీ దిగుతోంది. అందుకే ఒకప్పుడు కొద్దిమందికే ఎదురైన ఈ అయోమయం ఇప్పుడు ఎక్కువమందికి ఎదురవుతోంది.

కొత్త దారి లెక్కకట్టాలంటే రెండు చివరలు కావాలి. ఎక్కడి నుంచి అన్నది తెలుసు, మనం ఉన్న చోటు. ఎక్కడికి? దీన్ని కాస్త నిదానంగా చూడాలి. ఎందుకంటే మొత్తం వ్యవహారానికి మూలం ఈ ప్రశ్నే.

కారులో ఫోన్ పెట్టుకుని వెళ్లేటప్పుడు జవాబు తేలిక. గమ్యానికి. ఏ దారిన వెళ్లినా పెళ్లి మంటపం చేరితే చాలు. దారి మధ్యలో మారినా ఎవరికీ పట్టదు. సైకిలు వ్యవహారం అలా కాదు. అనంతగిరి వెళ్లేవాడికి అనంతగిరి ఒక సాకు మాత్రమే. లారీలు తక్కువున్న రోడ్డు కావాలని, చెట్ల నీడ కావాలని, ఫలానా ఎత్తు ఎక్కాలని దారి ఎంచుకుంటాడు. పైగా చాలా సైకిల్ దారులు బయల్దేరిన చోటికే తిరిగి వస్తాయి. గమ్యం ఇంటి గుమ్మమే. గమ్యానికి దగ్గరి దారి చూపమంటే పరికరం ఇంటికి తీసుకుపోతుంది.

కాబట్టి పరికరానికి మూడు వీలున్నాయి. గీతను వదిలిన చోటికే తిప్పి పంపడం ఒకటి. గీత మీద ముందున్న ఏదో ఒక చోట కలపడం ఇంకొకటి. మధ్యదంతా వదిలేసి చివరి బిందువుకు తీసుకెళ్లడం మూడోది. మొదటిదాంట్లో దారి ఏమీ నష్టపోదు, కానీ వెనక్కి తొక్కాలి. రెండోదాంట్లో కొంత ముక్క పోతుంది. మూడోదాంట్లో మనం గీసుకున్నదంతా పోతుంది. కొన్ని పరికరాలు, ముఖ్యంగా పాతవి, చెప్పాపెట్టకుండా మూడోది చేసేవి. ముందురోజు గంటసేపు కూర్చుని ఎంచుకున్న ఊరి రోడ్లు మాయమై, వాటి స్థానంలో హైవే ప్రత్యక్షమయ్యేది. ఇప్పుడొస్తున్నవి ఎక్కువగా మొదటి రెండింటి మధ్య ఎంచుకుంటాయి. ఎంపిక లెక్కతో జరుగుతుంది, మన కారణంతో కాదు.

ఆ లెక్క పాతదే. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త 1956లో ఆలోచించి 1959లో ప్రచురించిన పద్ధతి దానికి పునాది. రోటర్‌డ్యామ్ నుంచి గ్రోనింజెన్‌కు అతి దగ్గరి దారి ఏది అన్న ప్రశ్నతో ఆయన మొదలుపెట్టాడు. కూడళ్లను బిందువులుగా, వాటి మధ్య రోడ్లను గీతలుగా తీసుకుంటారు. ప్రతి రోడ్డు ముక్కకూ ఒక ఖర్చు ఇస్తారు. బయల్దేరిన చోటు నుంచి తక్కువ ఖర్చయిన కూడలిని ముందు తేల్చుకుంటూ, అక్కడి నుంచి తర్వాతి కూడళ్లకు విస్తరిస్తూ పోతారు. 1968లో అమెరికాలో వచ్చిన ఏ-స్టార్ పద్ధతి దీన్ని వేగవంతం చేసింది. గమ్యం ఏ దిక్కున ఉందో చూసుకుని అటువైపు కూడళ్లనే ముందు వెతుకుతుంది.

ఇక్కడ ఖర్చు అంటే దూరం ఒక్కటే కాదు. సైకిలు కోసం లెక్కగట్టేటప్పుడు పెద్ద హైవేకు ఖర్చు ఎక్కువ వేస్తారు, చిన్న రోడ్డుకు తక్కువ వేస్తారు. మట్టి దారి వద్దని సెట్టింగ్‌లో చెబితే దానికి మరీ ఎక్కువ వేస్తారు. అనుమతి లేని రోడ్డును పూర్తిగా తీసేస్తారు. ఫలితం అంతా ఈ అంకెల మీద, పటంలోని గుర్తుల మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు యూటర్న్ గొడవ అర్థమవుతుంది. మన్నెగూడ దగ్గర తిరగాల్సిన చోట తిరగకుండా తిన్నగా వెళ్లాం అనుకుందాం. 300 మీటర్లు పోయాక పరికరం లెక్క వేస్తుంది. వెనక్కి తిరిగితే 300 మీటర్లలో గీత. ముందుకెళ్లి ఏదో ఊరి మీదుగా కలవాలంటే 4 కిలోమీటర్లు. వెనక్కే నయం. యూటర్న్ తీసుకోమంటుంది. మనం వినకుండా ముందుకే వెళ్తాం. కిలోమీటరు పోయాక మళ్లీ లెక్క. వెనక్కి కిలోమీటరు, ముందుకు 3.3 కిలోమీటర్లు. ఇంకా వెనక్కే. రెండు కిలోమీటర్లు దాటాక వెనక దూరం ముందు దూరాన్ని మించుతుంది. అప్పుడు ఉన్నట్టుండి సూచన మారుతుంది, కుడికి తిరగమంటుంది. పరికరం మనసు మార్చుకోలేదు. తూకం మాత్రం అటు నుంచి ఇటు మొగ్గింది.

దీంట్లో ఒక ప్రమాదం ఉంది. మన జాతీయ రహదారుల మీద మధ్యలో డివైడర్ ఉంటుంది. తిరిగే సందు ఒకటి రెండు కిలోమీటర్ల తర్వాత రావచ్చు. పటంలో రెండువైపులనూ విడివిడిగా, ఒక్కో దిశగా గుర్తించి ఉంటే పరికరం ఆ సందు దాకా వెళ్లమని సరిగ్గానే చెబుతుంది. అలా గుర్తించకుండా ఒకే గీతగా గీసి ఉంటే, ఉన్నచోటే తిరగమంటుంది. ఆ మాట విని డివైడర్ పక్కన ఎదురుగా తొక్కుకుంటూ వచ్చేవాళ్లను హైవేల మీద చూస్తూనే ఉంటాం. ఇది ప్రాణాల మీదికి వచ్చే పని. యూటర్న్ సూచనను దిక్కు చెప్పే మాటగా తీసుకోవాలి, ఆ క్షణాన తిరగమన్న ఆజ్ఞగా కాదు.

వాగు సంగతి ఇంతకంటే ఆసక్తికరం. మూసీ నది అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. ఈ ప్రాంతమంతా దాని వాగులు, ఈసీ నది వాగులు. గట్టి వాన పడితే తక్కువ ఎత్తు వంతెనల మీదుగా నీళ్లు పారతాయి, రోడ్డు మూసేస్తారు. మనం వేరే దారి పట్టి చుట్టూ వెళ్లాలనుకుంటాం. పరికరానికి వాగు తెలియదు. దాని పటంలో రోడ్డు తెరిచే ఉంది. కాబట్టి గీత వదిలిన వెంటనే దగ్గరి దారిన గీత మీదికి తిప్పి పంపుతుంది. ఆ దగ్గరి దారి సరిగ్గా మూసేసిన వంతెన మీదుగానే పోతుంది. వినకుండా వెళ్తే మళ్లీ లెక్క, మళ్లీ అదే వంతెన. ఎన్నిసార్లు లెక్కగట్టినా మొదటి సమాచారం మారనప్పుడు జవాబు మారదు.

ఇలాంటప్పుడు చేయాల్సింది కొత్త దారి లెక్కను ఆపేయడం. తెర మీద పటాన్ని చిన్నది చేసి చూడాలి. వాగుకు అవతల గీత ఏ ఊరి దగ్గరుందో గుర్తుపెట్టుకోవాలి. ఆ ఊరికి ఎలా వెళ్లాలో అక్కడున్నవారిని అడగాలి. వంతెన మునిగిందో లేదో, బస్సు ఏ దారిన తిరిగి వెళ్తోందో బస్టాపులో నిలబడ్డవారికి తెలుసు. ఏ ఉపగ్రహానికీ తెలియదు. వాగుకు అవతలి ఊరిని తాత్కాలిక గమ్యంగా పెట్టి చూడవచ్చు, కానీ పటంలో వంతెన తెరిచే ఉంది కనక పరికరం మళ్లీ దాని మీదుగానే పంపవచ్చు. అప్పుడు చుట్టుదారిలో మధ్యన వచ్చే ఊరిని ముందు గమ్యంగా పెట్టుకోవాలి. అవతల గీతను తాకగానే చాలా పరికరాలు వాటంతట అవే మళ్లీ దారిలో పడతాయి.

పరికరం చూపే అడ్డదారుల నాణ్యత గురించీ చెప్పాలి. ఇంట్లో దారి గీసుకునేటప్పుడు మనం వాడే సేవలు పెద్ద సర్వర్ల మీద నడుస్తాయి. వాటిలో కొన్ని, ఏ రోడ్డు మీద ఎక్కువమంది సైక్లిస్టులు వెళ్తున్నారో లెక్కలోకి తీసుకుంటాయి. పైగా మనం ఫొటోలు చూసి, తెలిసినవాళ్లను అడిగి మార్పులు చేస్తాం. దారి మధ్యలో పరికరం లెక్కగట్టే ముక్కకు అంత ఆలోచన ఉండదు. చిన్న చిప్, నిలవ ఉన్న పటం, కొన్ని సెకన్ల సమయం. పటంలో తారు, మట్టి అన్న గుర్తు లేకపోతే ఏదో ఒకటి అనుకుని ముందుకుపోతుంది. వికారాబాద్ నుంచి తాండూరు వైపు నల్లరేగడి నేలలు ఎక్కువ. ఎండాకాలంలో పొలాల మధ్య బండ్ల బాట మీద సైకిలు హాయిగా పోతుంది. వాన పడితే అదే మట్టి జిగురై చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు. సన్నని టైర్ల సైకిలును భుజాన మోసుకోవాల్సిందే. తెర మీద మాత్రం రెండు కాలాల్లోనూ అది ఒకే సన్నని గీత. వర్షాకాలంలో పరికరం కొత్తగా చూపిన బాటను, తారు రోడ్డని కంటికి కనిపిస్తే తప్ప, నమ్మకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అంకెలు మారిపోవడానికి కారణం వేరు. మిగిలిన దూరాన్ని పరికరం గీత మీద మనం ఉన్నచోటు నుంచి చివరిదాకా కొలుస్తుంది. గీత మీదే లేనప్పుడు ఆ అంకెకు ఆధారం లేదు. వెళ్లిన రోడ్డు మీదుగానే తిరిగొచ్చే ప్రయాణంలో ఇది మరీ గజిబిజి. చేవెళ్ల దగ్గర రోడ్డు ఒకటే, కానీ గీత అక్కడ రెండుసార్లు పోతుంది, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. టిఫిన్ చేసి తిరిగి ఎక్కితే మనం ఏ గీత మీద ఉన్నాం? మనం ఇంతవరకు ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకుని, దానికి దగ్గరి ముక్కనే ఎంచుకునేలా పరికరాలను తయారుచేస్తారు. ఎక్కువసేపు పక్కకు వెళ్లి వస్తే ఆ జాడ తప్పి తిరుగు ప్రయాణపు గీతను పట్టుకోవచ్చు. అప్పుడు అనంతగిరి ఇంకా చూడకుండానే ప్రయాణం అయిపోవచ్చిందంటుంది. ముందున్న ఎత్తుల బొమ్మ కూడా తారుమారవుతుంది. ఈ ఇబ్బంది రాకుండా ఉండాలంటే వెళ్లేది ఒక ఫైలుగా, వచ్చేది మరో ఫైలుగా చేసుకోవడం మేలు.

చాలామంది భయపడే ఒక విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. మనం తొక్కిన దారిని పరికరం నమోదు చేసే పని, ముందే గీసిన దారి చూపే పని వేర్వేరుగా నడుస్తాయి. గీత వదిలినా, కొత్త దారి లెక్క ఆపేసినా, కోర్సునే మూసేసినా తొక్కిన కిలోమీటర్ల నమోదు ఆగదు.

సెట్టింగ్ ఒక్కచోట మార్చుకుంటే ఈ చిక్కుల్లో సగం పోతాయి. కొన్ని పరికరాల్లో కొత్త దారి లెక్కకు మూడు ఎంపికలుంటాయి. దానంతట అది చేయడం, అడిగి చేయడం, అసలు చేయకపోవడం. కొత్తగా కొన్న పరికరం మొదటిదాంట్లో ఉంటే వెంటనే రెండోదానికి మార్చమంటాను. అప్పుడు పరికరం గీత వదిలామని చెప్పి ఆగుతుంది, ఏం చేయాలో మనం చెబుతాం. టీ తాగడానికి పక్కకు వెళ్తే వద్దంటాం. తెలియని నగరంలో నిజంగా తప్పిపోతే సరేనంటాం. గీత ఎందుకు వదిలామో తెలిసింది మనకే కాబట్టి నిర్ణయమూ మన దగ్గరే ఉండాలి. అసలు చేయవద్దన్న మూడో ఎంపిక కూడా తీసిపారేయదగ్గది కాదు. తెర మీద గీత కనిపిస్తూనే ఉంటుంది, పటం చూసి మనమే కలుసుకుంటాం.

ఆ మూడో ఎంపిక తప్పనిసరయ్యే సందర్భం ఒకటుంది. బ్రెవేలు (నిర్ణీత సమయంలో పూర్తిచేయాల్సిన దూర సైకిల్ యాత్రలు). పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ వీటిని నడుపుతోంది. హైదరాబాద్‌లోనూ క్రమంగా జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఇది పందెం కాదు, ముందొచ్చినా వెనకొచ్చినా గుర్తింపు ఒకటే. కానీ నిర్ణయించిన దారిలో, నిర్ణయించిన చోట్ల హాజరు వేసుకుంటూ రావాలి. దారి తప్పితే, వదిలిన చోటికే తిరిగి వచ్చి అక్కడి నుంచి కొనసాగాలని అమెరికా రాండనర్ల సంఘం నియమావళి స్పష్టంగా చెబుతుంది. అక్కడ బ్రెవేలు తొక్కే తెలుగువాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ముందుకెళ్లి ఎక్కడో కలవడం కుదరదు, దూరం ఎక్కువ తొక్కినా సరే.

పరికరం లెక్కకూ ఈ నియమానికీ పొత్తు కుదరదు. రెండు కిలోమీటర్లు దాటాక అది ముందుకే కలపాలని చూస్తుందని పైన అనుకున్నాం. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో, హెడ్‌లైటు వెలుగులో, తెర కుడికి తిరగమంటే తిరిగేస్తాం. అలా తొక్కిన ముక్క తర్వాత లెక్కలోకి రాకపోవచ్చు. కాబట్టి బ్రెవేకు వెళ్లేముందు కొత్త దారి లెక్కను పూర్తిగా ఆపేసి, గీత వదిలితే కూసే హెచ్చరికను మాత్రం ఉంచుకోవాలి. నిర్వాహకులు ఇచ్చే కాగితపు దారి పట్టికను, ఏ కిలోమీటరు దగ్గర ఏ కూడలిలో ఎటు తిరగాలో రాసి ఉండేదాన్ని, జేబులో పెట్టుకోవాలి. కూత వినగానే ఆగి, ఆ పట్టికలో చివరిగా దాటిన కూడలి ఏదో చూసుకుని, డివైడర్ ఉంటే సందు దాకా వెళ్లి తిరిగి రావాలి. దీనికి పట్టే పదిహేను నిమిషాలు గడువులో ముందే కలుపుకుని బయల్దేరితే కంగారు ఉండదు.

పటంలో తప్పు కనిపిస్తే దిద్దే వీలు కూడా మనకుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఖాతా తెరిచి, తాము స్వయంగా చూసిన రోడ్డు మట్టిదో తారుదో, సైకిలుకు అనుమతి ఉందో లేదో గుర్తు పెట్టవచ్చు. మార్పు వెబ్‌లో కొద్ది నిమిషాల్లోనే కనిపిస్తుంది. పరికరంలోకి మాత్రం వెంటనే రాదు. కంపెనీలు పటాలను విడిగా, అప్పుడప్పుడు విడుదల చేస్తాయి. వాటిని ఇంట్లో వైఫై మీదో, కంప్యూటర్‌కు తగిలించో మనమే దించుకోవాలి. కొన్ననాటి పటంతోనే ఏళ్ల తరబడి తొక్కేవారు చాలామంది ఉన్నారు. వాళ్ల తెరల మీద నిరుడు వేసిన బైపాస్ ఉండదు, దాని మీద తొక్కినంతసేపూ పరికరం దారి తప్పామనే అంటుంది.